అరంగుళం చొప్పున

వీధి వీధంతా ఆమెను అరంగుళమ్మ అంటుంది. అసలు పేరు ఓటర్ల జాబితాలో ఉండే ఉంటుంది గానీ వెతికి చూసినవాళ్ళెవరూ లేరు. ఎవరు ఏ బట్ట తెచ్చి బిగుతైందన్నా, వదులైందన్నా, ఒక పక్కకు జారుతోందన్నా, ఆమె కళ్ళద్దాలు ముక్కు కొసకు జార్చుకుని చూసి, "ఎంతా, అరంగుళం" అంటుంది. అరంగుళం పట్టెయ్యడమో, అరంగుళం వదలడమో. ముప్ఫై ఏళ్ళలో ఆ వీధిలో పిల్లలు పుట్టారు, పెద్దలు పోయారు, ఉద్యోగాలు వచ్చాయి, ఊడాయి. మనుషులు లావెక్కారు, చిక్కారు. అన్నిటికీ ఆమె దగ్గరున్న మందు ఒక్కటే.

దుకాణం ఒక మేడ మెట్ల కింద. మనిషి నిటారుగా నిలబడగలిగేది గుమ్మం దగ్గర మాత్రమే. లోపలికి పోయేకొద్దీ పైకప్పు దిగుతూ వస్తుంది. బాగా దిగిన చోట కుట్టుమిషను, దాని ముందు ఆమె. కొత్తవాళ్ళు చొరవగా లోపలికొచ్చి తలకు బొప్పి కట్టించుకుని "ఇదేం దుకాణమమ్మా" అంటే, "కొలతలు గుమ్మంలోనే తీస్తానండీ, మీకే తొందరెక్కువైంది" అంటుంది.

ఆమెకు పని నేర్పింది ఒక ముసలి దర్జీ మేస్త్రీ. కత్తెర పట్టనివ్వక ముందే ఆయన ఒక నియమం పెట్టాడు. "కొలత పుస్తకంలో రాయి. నోట్లోంచి మాత్రం రానీకు. మనిషి లావైతే గుడ్డ కుదించుకుపోయిందని చెప్పు, చిక్కితే గుడ్డ సాగిందని చెప్పు. నేరం గుడ్డ మీద పెట్టు. అదేమీ అనుకోదు." అరంగుళమ్మ ఆ మాటను జవదాటలేదు. మందుల షాపాయన చొక్కాలు మూడేళ్ళలో ఆరుసార్లు కుదించుకుపోయాయి. "ఈ కాలం గుడ్డలో నాణ్యత లేదండీ" అని ఆయనే ఊరంతా చెప్పుకు తిరిగాడు. ఎవరి మనసూ నొచ్చుకోలేదు. దుకాణానికి వచ్చినవాళ్ళు వచ్చినదానికన్నా కాస్త తేలిగ్గా ఉన్నట్టు వెళ్ళేవాళ్ళు. మర్యాద అంటే అదే అనుకుంది ఆమె. ముప్ఫై ఏళ్ళు ఎవరూ కాదనలేదు.

ఆమె అక్క ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. అక్క చెప్పుల దుకాణంలో పనిచేసేది. ఇరవై రెండేళ్ళు జనం పాదాల ముందు పీట వేసుకు కూర్చుని, "మీది ఏడు కాదండీ, ఎనిమిది. కాలు నొక్కుకుపోయి చస్తారు" అని మొహం మీదే చెప్పేసిన మనిషి. ఒకే తల్లి కడుపున ఈ ఇద్దరూ ఎలా పుట్టారని వీధిలోవాళ్ళు ఆశ్చర్యపోతూ ఉండేవాళ్ళు. ఆ తల్లి తొందరగానే పోయింది. అప్పుడు అరంగుళమ్మకు పదకొండేళ్ళు, అక్కకు పదిహేడు. ఆనాటినుంచి అక్కే అమ్మ. జడ వేసిందీ, తిట్టిందీ, జ్వరమొస్తే పక్కన కూర్చుందీ, మేస్త్రీ దగ్గర పనికి కుదిర్చిందీ అన్నీ అక్కే. అరంగుళమ్మకు పెళ్ళి కుదరలేదు. కుదరలేదని ఆమె పెద్దగా దిగులు పడిందీ లేదు. రెండు వీధుల అవతల అక్క ఉంది, బస్సు నడిపే బావ ఉన్నాడు. లోకంలో తనకంటూ ఉన్నది ఆ ఇద్దరే.

ఆ అక్కకు అండాశయంలో క్యాన్సరని తేలింది. పొట్టలో నీరు కూడా చేరింది. మూడు విడతలు మందు ఎక్కించారు. తర్వాత అయిదు వారాలు విరామం, ఆ పైన ఆపరేషను. "ఆపరేషనుకి తట్టుకునే ఒళ్ళుంటేనే నేను కత్తి పట్టుకుంటాను. ఈ అయిదు వారాలూ ఒళ్ళు నిలబెట్టుకుని రండి" అన్నాడు ఆసుపత్రి పైఅంతస్తు పెద్ద డాక్టరు. బావ ఆ మాటను క్యాలెండరు మీద రాసి గోడకు తగిలించాడు. అందరికీ అర్థమైంది ఒక్కటే. ఒళ్ళు నిలబడితే ఆపరేషను. ఆపరేషనైతే అక్క బతికే దారి ఉంది.

జబ్బు పేరు బయటపడ్డాక ఇంటికి మనుషులకన్నా ముందు సలహాలు వచ్చాయి. ఒకరు పొడి తెచ్చారు, ఒకరు ఏదో ఆకు తెచ్చారు, ఒకాయన రాగి చెంబు తెచ్చాడు. అక్క ఆయన్ను ఎగాదిగా చూసి, "బాబూ, నీకు నీ చెప్పుల నంబరే తెలీదు. నాకు మందు చెబుతావా?" అంది. అన్నీ అటకెక్కాయి. అక్క విన్నది ఒక్కరి మాటే.

అదే ఆసుపత్రిలో, కింద రక్తపరీక్షల కిటికీ దాటి వెళ్తే, ప్రకృతి వైద్యం అని రాసిన చిన్న గది ఉంది. అందులో ఒక డాక్టరమ్మ. ఆమెకు ఏదైనా గోరువెచ్చగానే ఉండాలి. పాదాలు గోరువెచ్చని నీళ్ళలో పెట్టాలి, మెడ మీద గోరువెచ్చని గుడ్డ వెయ్యాలి, గోరువెచ్చని నూనెతో అరికాళ్ళు రాయాలి. అక్క ఆమెకు గోరువెచ్చనమ్మ అని పేరు పెట్టేసింది. మాట మాత్రం సూటి మనిషి. మొదటి రోజే, "జబ్బు తగ్గించేది నేను కాదండీ, పైఅంతస్తు వాళ్ళు. వాళ్ళ మందుని మీ ఒళ్ళు తట్టుకునేలా చూసుకోవడం నా పని. నాకు చెప్పకుండా ఎవరిచ్చిన పొడీ నోట్లో వేసుకోవద్దు" అందట. ఆ మాట అక్కకు నచ్చింది. నిదానంగా ఊపిరి తీసుకోవడం నేర్పిందామె. మందు ఎక్కించిన మర్నాడు వాంతులు కాస్త తగ్గాయి, నిద్ర పట్టింది. ఇదంతా బావ చెప్పగా విన్నదే. అక్కను ఆసుపత్రికి తీసుకెళ్ళేది బావ. అరంగుళమ్మ దుకాణం మూసుకుని మధ్యాహ్నాలు ఇంటికి వచ్చేది. ఆ గదిలో ఏం మాట్లాడుకున్నారో ఆమెకు పూర్తిగా తెలీదు. ముప్పు అక్కడినుంచే వచ్చింది.

విరామం మొదలైన మొదటి వారంలో ఒక మధ్యాహ్నం. అక్క స్నానం చేసి ఆకుపచ్చ గౌను తొడుక్కుంది. పొడుగు చేతుల గౌను, చేతుల మీద సూది మచ్చలు కనబడకుండా చెల్లెలే కుట్టింది. అద్దం ముందు నిలబడగానే కుడి భుజం మీది గుడ్డ జారింది. అక్క సరిచేసుకుంది. మళ్ళీ జారింది. అప్పుడు అక్క అద్దంలో తన మొహం చూసుకున్న తీరును అరంగుళమ్మ వెనకనుంచి చూసింది. ఇంట్లో పాము దూరినా చీపురు కోసం వెతికే మనిషి. ఆ కళ్ళలో అలాంటి భయం ఆమె ఎన్నడూ చూడలేదు.

"చిన్నీ, నేను చిక్కిపోతున్నానా?" అంది అక్క.

ముప్ఫై ఏళ్ళ అలవాటు. ఆలోచన కన్నా ముందు నోరు పలికింది.

"నువ్వేం చిక్కావే. గుడ్డ సాగింది. ఉతికి ఉతికి దాని పని అయిపోయింది."

"నిజంగానా?"

"నేను కుట్టినదాని సంగతి నాకు తెలీదా? ఎంతా, అరంగుళం."

అక్క మొహంలో రంగు తిరిగొచ్చింది. మంచం మీద కూర్చుని, నవ్వి, మంచినీళ్ళు అడిగింది. చెల్లెలికి ఆ నవ్వు చాలు. ఇస్త్రీ వంక పెట్టి, అక్కకు పాత చీర చుట్టబెట్టి, ఉన్న ఏడు గౌన్లూ సంచిలో కుక్కుకుని దుకాణానికి పట్టుకుపోయింది. కుట్లు విప్పింది. భుజాల దగ్గర అరంగుళం, చేతుల దగ్గర అరంగుళం, చంకల కింద అరంగుళం పట్టింది. నీరు చేరిన పొట్ట దగ్గర మాత్రం లోపల మడిచి ఉంచిన గుడ్డ తీసి అరంగుళం వదిలింది. పాత సూది రంధ్రాలు కనబడకుండా తడిగుడ్డ పరిచి ఇస్త్రీ చేసింది. సాయంత్రానికి గౌన్లు తెచ్చి ఇస్తే, ఏది తొడిగినా అచ్చం ఒంటికి అతికినట్టుంది. పనితనం అంటే అలా ఉండాలి. ఆ పనితనానికే తర్వాత ఆమె ఏడ్చింది.

వారం తిరిగేసరికి మళ్ళీ భుజం జారబోయింది. జారకముందే ఆమె కనిపెట్టింది. ఇక ప్రతి వారం ఇస్త్రీ వంకతో గౌన్లు వెళ్ళడం, రావడం. టేపు తీస్తే అక్క కనిపెడుతుంది కాబట్టి, వీపూ చేతులూ రాస్తున్నట్టు రాసి జేనతో కొలిచేది. దుకాణానికొచ్చి ఆ జేనను టేపు మీద పెట్టి, అంగుళాలు పుస్తకంలో రాసుకునేది. దండచెయ్యి చుట్టూ ఎంత, ఛాతీ ఎంత, నడుము ఎంత. రాయకుండా కుట్టడం ఆమెకు చేతకాదు. రాసిన అంకెల్ని పైనుంచి కిందికి చూడటం మాత్రం మానేసింది. రాయగానే పుస్తకం మూసేసేది.

అక్కకు ధైర్యం వచ్చింది. బావ కొన్న కాటా మీద ఎక్కితే అదే బరువు. బట్టలు అలాగే సరిపోతున్నాయి. పొట్టలో నీటి వల్ల రెండు ముద్దలు తినగానే నిండిపోయి ఆయాసం వచ్చేది. తినడమంటేనే విసుగు. అలాంటప్పుడు పొట్టకు కాస్త విశ్రాంతిగా మూడు రోజులు పళ్ళరసాలు, పల్చటి జావ తాగమంది గోరువెచ్చనమ్మ. అక్క ప్రాణం తెరిపిన పడింది. మూడు రోజులు వారమైంది, వారం రెండు వారాలైంది. డాక్టరమ్మను ఫోనులో అడిగే చేస్తున్నామని బావ చెప్పాడు. అడిగే చేస్తున్నారు గదా అని చెల్లెలు ఊరుకుంది.

నాలుగో వారం, మంగళవారం మధ్యాహ్నం గోరువెచ్చనమ్మ దగ్గరనుంచి ఫోను వచ్చింది. బావ గదిలో అందరికీ వినబడేలా పెట్టాడు. అరంగుళమ్మ కిటికీ దగ్గర కూర్చుని గౌనుకు ఊడిన గుండీ కుడుతోంది. నోట్లో దారం.

"ఎన్ని అడుగులు నడిచారండీ?"

"గుమ్మం దాకా నాలుగుసార్లమ్మా."

"వాంతులు?"

"లేవు."

"బట్టలు వదులయ్యాయా?"

"ఒక్కటి కూడా కాలేదమ్మా. అన్నీ అలాగే సరిపోతున్నాయి."

"భుజాల దగ్గర జారట్లేదా? బాగా చూసుకుని చెప్పండి."

"అస్సలు జారట్లేదు. కావాలంటే మా ఆయన్ని అడగండి."

"అవునండీ, కొలిచి కుట్టినట్టున్నాయి" అన్నాడు బావ.

"ఐతే మంచిదే. ఇంకో వారం అలాగే తాగండి. కాటా లెక్క నేను నమ్మనండీ. పొట్టలో నీరు పెరుగుతుంటే లోపల కండ కరిగిపోతున్నా కాటా అదే బరువు చూపిస్తుంది. భుజాల్లో నీరు చేరదు కదా, అందుకే బట్టల సంగతి అడుగుతాను. వదులైన రోజున మాత్రం ఒక్క పూట కూడా ఆగొద్దు. రసాలు ఆపేసి వెంటనే వచ్చేయాలి. అప్పుడు నరంలోంచి తిండి ఎక్కించాల్సి వస్తుంది. కండ కరిగిన ఒంటికి ఆపరేషను చెయ్యరు."

అరంగుళమ్మ నోట్లోంచి దారం జారిపడింది. సూది వేల్లో దిగింది. తెలియలేదు, గుడ్డ మీద చిన్న ఎర్రటి చుక్క కనబడ్డాకే చూసుకుంది. నాలుక చివరిదాకా వచ్చింది మాట. అక్క ఫోను వైపు చూసి నవ్వుతోంది. "విన్నారా, నా భుజాలు పాసయ్యాయి" అంటోంది. బావ ముఖం వెలిగిపోతోంది. ఆ ఇద్దరి మధ్యకు ఆ మాటను తీసుకెళ్ళి పడెయ్యడానికి ఆమెకు చేతకాలేదు. ఫోను పెట్టేశారు. ఆమె దారం తెంపి, గౌను మడతపెట్టి, దుకాణంలో పనుందని వచ్చేసింది.

అంతవరకూ చేసింది తెలియక చేసిన తప్పు. తెలియక చేసినదాన్ని దేవుడైనా మన్నిస్తాడంటారు. ఆ మంగళవారం నుంచి ఆదివారం దాకా చేసింది తెలిసి చేసింది. ఆ ఆరు రోజుల సంగతి దాటేసి ఈ కథ చెబితే నేను కూడా నేరం గుడ్డ మీద పెట్టినట్టే.

బుధవారం చెబుదామని వెళ్ళింది. అక్క నిద్రపోతోంది. నిద్రపోతున్న మనిషిని లేపి చెప్పే మాటా ఇది, అనుకుంది. నిద్ర లేచాక, ఇప్పుడే లేచిన మనిషికి చెప్పే మాటా ఇది, అనుకుంది. భయానికి సాకులు కరువా! బావకు చెబుదామంటే ఆయన బస్సు ఎక్కబోతున్నాడు. నలభై మంది కూర్చున్న బండిని నడిపేవాడి చెవిన ఈ మాట ఎలా వెయ్యడం? రాత్రి కన్ను మూస్తే పుస్తకంలోని అంకెలు.  మిషను మీద కూర్చుంటే కాలు ఆడదు, అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడ్డా బాగుండేది, చించుకునే ధైర్యమే లేకపోయింది.

గురువారం ఒక ఉపాయం తట్టింది. నోటితో చెప్పక్కర్లేదు. ఆకుపచ్చ గౌనుకు పట్టిన కుట్లన్నీ విప్పేసి, మొదట ఎలా ఉండేదో అలా చేసి ఇచ్చేస్తే, అక్కే తొడుక్కుని చూసుకుంటుంది, అక్కే కంగారుపడుతుంది, అక్కే డాక్టరమ్మకు ఫోను చేస్తుంది. కర్ర విరక్కుండా పాము చచ్చినట్టు పని అయిపోతుంది. గబగబా విప్పింది. శుక్రవారం గౌను తీసుకెళ్ళి మంచం మీద పెట్టి, వంటగదిలోకి వెళ్ళి, గుండె చిక్కబట్టుకుని నిలబడింది.

"ఒసేయ్ చిన్నీ!" అక్క పిలిచింది. వెళ్ళింది. గౌను రెండు భుజాల మీదనుంచీ జారి వేలాడుతోంది. మెడ ఎముకలు రెండూ పొడుచుకొచ్చి, మధ్య గుంట. 

అక్క పకపకా నవ్వింది.

"చూశావా, నీ సాగే గుడ్డ! మళ్ళీ సాగింది. నువ్వు ఆ రోజు చెప్పకపోతే గుండాగి చచ్చేదాన్ని. దీన్ని తీసిపారేసి ఆ నీలంది ఇటియ్యి, అది బాగా సరిపోతోంది."

ఇచ్చింది. తనే తొడిగి గుండీలు పెట్టింది. తన అబద్ధాన్ని అక్క ఎంత నమ్మిందంటే, ఎదురుగా నిలబడిన నిజాన్ని కూడా దాని కింద దాచేసింది. అబద్ధమంటే గిట్టని మనిషి, చెల్లెలి మాట గనక నమ్మింది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చింది తనే. ఇక గొడ్డలి తన చేతిలోనే ఉంది.

ఆదివారం అక్క మంచం దిగబోయి తూలింది. పడకుండా చెల్లెలు దండ పట్టుకుంది. గౌను చేతిమీదుగా పట్టుకున్న ఆమె బొటనవేలూ మధ్యవేలూ అవతల ఒకదాన్నొకటి తాకాయి. "కళ్ళు తిరిగాయంతే" అంది అక్క. చెల్లెలికి పై ప్రాణాలు పైనే పోయాయి.

సోమవారం పొద్దున్నే కొలతల పుస్తకం చంకలో పెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది. రక్తపరీక్షల కిటికీ ముందు వరస, మందు వాసన, ప్లాస్టిక్ కుర్చీలు. ప్రకృతి వైద్యం గది ముందు తొమ్మిదిమంది. ఒకసారి లేచి తలుపు దాకా వెళ్ళింది, మరోసారి లేచి వీధి గుమ్మం దాకా వెళ్ళింది. పారిపోదామనే లేచింది. తన వంతు వచ్చేసరికి మళ్ళీ కుర్చీలోనే ఉంది.

డాక్టరమ్మ ఆమె అనుకున్నదానికన్నా చిన్నది. అరంగుళమ్మ మాటలు పెగలక, పుస్తకం తెరిచి ఎదురుగా పెట్టింది. డాక్టరమ్మ చదివింది. దండ తొమ్మిదిన్నర, తొమ్మిది, ఎనిమిది, ఏడు. నడుము ముప్ఫై నాలుగు, ముప్ఫై అయిదున్నర, ముప్ఫై ఏడు, ముప్ఫై తొమ్మిది.

"నాలుగు వరసలున్నాయి. ఈ నలుగురూ ఎవరు?"

"ఒక్కరేనమ్మా. మా అక్క. మీరు బట్టలు వదులయ్యాయా అని ఫోనులో అడుగుతారే, ఆవిడ. వదులవ్వలేదు. అవ్వకుండా నేను కుట్టేశాను."

ఇక మిగతాది దానంతటదే వచ్చేసింది. ఏడుస్తూ, తడబడుతూ, గౌన్ల సంగతి, ఫోను సంగతి, ఆరు రోజుల సంగతి కూడా చెప్పింది.  అంతా విని డాక్టరమ్మ పుస్తకం మూసి, అట్ట మీద చెయ్యి పెట్టింది.

"మూడు వారాలు ఫోనులో అడిగి ఊరుకున్నాను. ఒక్కసారి రమ్మని కళ్ళతో చూసుంటే సరిపోయేది. అది నా తప్పు" అంది. చెల్లెలి తప్పు సంగతి ఏమీ అనలేదు. అనకపోయేసరికి ఇంకా భయం వేసింది. పైఅంతస్తుకు ఫోను చేసి మంచం సిద్ధం చెయ్యమంది.

"ఆలస్యమైందా అమ్మా?"

"అయింది."

"బతకదా?"

"అది పైన చూసి చెప్పాలి. పన్నెండు లోపల తీసుకురండి. ముందు ఇంటికెళ్ళి ఆవిడకి జరిగింది చెప్పండి. నేను చెప్పను. మీరే చెప్పాలి."

ఇంటికి వెళ్ళేసరికి అక్క దిండ్లకు ఆనుకుని రసం తాగుతోంది, బావ పక్కనే ఉన్నాడు. అరంగుళమ్మ కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడి చెప్పేసింది. గుడ్డ సాగలేదని, సాగిందని అబద్ధమాడింది తనేనని, ప్రతి వారం కుట్టిందని, మంగళవారం విని కూడా నోరు మూసుకుందని. చెబుతున్నంతసేపూ అక్క గ్లాసు వైపే చూసింది. తర్వాత నీలం గౌను చెయ్యి పైకి లాక్కుని, తన దండను తనే పట్టుకుని చూసుకుంది. వేళ్ళు కలిశాయి. బావ గోడకు చేరగిలబడిపోయాడు.

"ఊళ్ళో వాళ్ళకి చెప్పుకో ఆ మాట. వాళ్ళు బట్టలకోసం వస్తారు. నాకెందుకు చెప్పావే?" అంది అక్క. గొంతు పెద్దది కాలేదు.

"నువ్వు భయపడ్డావక్కా."

"భయపడనీ. నా చావుకి నేను భయపడకపోతే ఎవరు పడతారు? భయపడి ఉంటే ఏడుస్తూనైనా నాలుగు ముద్దలు తినుండేదాన్ని. మూడు వారాలు నవ్వుకుంటూ రసాలు తాగానే!"

ఆ పైన మాట్లాడలేదు. దార్లో మాట్లాడలేదు, పైఅంతస్తులో బరువు తూచి రక్తం తీస్తున్నప్పుడూ మాట్లాడలేదు. పెద్ద డాక్టరు చూసి, వచ్చే సోమవారం అనుకున్న ఆపరేషను లేదన్నాడు. ముందు పొట్టలో నీరు కొంత తీస్తారట, రెండు వారాలు నరంలోంచి తిండి ఎక్కిస్తారట. "ఒళ్ళు తేరుకుంటే చేద్దాం."

"తేరుకోకపోతే?" అన్నాడు బావ.

"అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాడు డాక్టరు. డాక్టర్లు కూర్చుని మాట్లాడేది దేనిగురించో అక్కడున్న ముగ్గురికీ తెలుసు.

నర్సు ఆసుపత్రి గౌను తెచ్చింది. వెనక ముడి వేసేది, ఎవరికైనా ఒకటే కొలత. నీలం గౌను తీసి అది తొడిగి, మంచం మీద కూర్చోబెట్టి వెళ్ళిపోయింది. కూర్చున్న క్షణానికే గౌను ఎడమ భుజం మీదనుంచి మోచేతి దాకా జారింది. కింద ఎముకే. భుజం గుండ్రంగా ఉండాల్సిన చోట మూల తేలి ఉంది, పక్కటెముకలు ఒకదాని కింద ఒకటి లెక్కపెట్టేటట్టున్నాయి. వాటి కింద నీటితో ఉబ్బిన పొట్ట. బావ ఒకసారి చూసి, కిటికీ వైపు తిరిగిపోయాడు. ఆయన వీపు కదలడం కనబడుతోంది.

అరంగుళమ్మ చెయ్యి దానంతటదే లేచింది. భుజం దగ్గర వదులు గుడ్డను రెండు వేళ్ళతో పట్టి ఎత్తింది. రెండు వేళ్ళకు అందలేదు. పిడికిట్లోకి వచ్చింది.

"ముట్టుకోకు" అంది అక్క.

ఇంట్లోంచి బయల్దేరాక అదే మొదటి మాట. చెల్లెలు వదిలేసింది. గుడ్డ మళ్ళీ జారింది.

"ఉండనీ అలాగే. వచ్చే డాక్టర్లందరూ చూడనీ." అక్క ఊపిరి తీసుకుంది. ఆ ఒక్క ఊపిరికే ఆమెకు రెండు విడతలు పట్టింది. "ఎటు చూస్తున్నావే? ఇటు చూడు. నువ్వు కూడా చూడు."

నాలుగు వారాలుగా జేనతో కొలిచిన ఒంటిని అరంగుళమ్మ ఇప్పుడు కళ్ళెత్తి చూసింది.  ఈసారి తల తిప్పుకోలేదు.